రొయ్యల గుంటల రూటుకు మా స్విఫ్ట్‌లో కొత్త స్క్రీన్: పని డైరీ

ఎందుకు మొదలుపెట్టాను

నెల్లూరులో ఒక ఆక్వా ల్యాబ్‌కు నీళ్ల శాంపిళ్లు తెచ్చే పని నాది. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు, అల్లూరు మండలాల్లోని రొయ్యల గుంటలు నా రూటు. పీహెచ్, కరిగిన ఆక్సిజన్ గట్టు మీదే చూసేస్తాను. అమ్మోనియాకు, రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా పరీక్షకు పట్టిన నీళ్లు మాత్రం ఐస్ బాక్సులో పెట్టుకుని వీలైనంత త్వరగా ల్యాబ్‌లో దించాలి. దారి తప్పి గట్ల మీద గంట తిరిగితే ఆ శాంపిల్ మీద నమ్మకం తగ్గిపోతుంది. మేత తగ్గించాలా, నీళ్లు మార్చాలా అని రైతు ఆ రిపోర్టు చూసుకునే నిర్ణయిస్తాడు. అందుకే నాకు దారి అంత ముఖ్యం.

ఆ వైపు తిరగనివాళ్లకు కొంచెం చెప్పాలి. తారు రోడ్డు దిగాక ఎటు చూసినా గుంటలే. అన్నిట్లోనూ నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతుంటాయి, అన్ని గట్ల మీదా ఒకే రకం మేత షెడ్లు. రైతు ఫోన్లో "ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఎడం పక్కకు తిరుగబ్బయా" అంటాడు. చూస్తే ఆ గట్టు పొడుగునా ట్రాన్స్‌ఫార్మర్లే. వాట్సాప్‌లో లొకేషన్ పెట్టమంటే ఇంట్లో కూర్చుని ఇంటి లొకేషన్ పెడతారు. వీటన్నిటికంటే కష్టం బకింగ్‌హామ్ కాలువ. అవతలి గట్టు మీద నిలబడి మనకు చెయ్యి ఊపే మనిషి కూడా కనిపిస్తాడు. కాలువ దాటే వంతెన మాత్రం ఇంకెక్కడో ఉంటుంది.

ఇన్నాళ్లూ ఏసీ వెంట్‌కు హోల్డర్ తగిలించి ఫోన్‌తోనే నెట్టుకొచ్చాను. మధ్యాహ్నం ఎండకు ఫోన్ వేడెక్కి స్క్రీన్ మసకబారుతుంది, సరిగ్గా మలుపు దగ్గర కాల్ వచ్చి మ్యాపు పక్కకు పోతుంది. దారి చూసుకోవడానికి ఫోన్ వాడుకోవచ్చని 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల నిబంధన చెబుతుంది, కానీ నడిపేవాడి ధ్యాస చెదరకూడదన్న షరతు అందులోనే ఉంది. రెండు పక్కలా నీళ్లున్న గట్టు మీద ఆ షరతు ఎంత అవసరమో నాకు బాగా తెలుసు. చూపు రోడ్డు మీంచి తక్కువ సేపు తిప్పితే చాలేలా, పెద్ద అక్షరాలతో, తెలుగులో మాట్లాడే స్క్రీన్ ఒకటి డ్యాష్‌బోర్డులోనే ఉండాలి. పాటలు, రేడియో ఆ తర్వాత.

కారు 2014 స్విఫ్ట్ జెడ్‌డీఐ, డీజిల్. స్టీరింగ్ మీద ఆడియో బటన్లు ఉన్నాయి, అవి పనిచేస్తూనే ఉండాలన్నది నా పట్టుదల.

కొనే ముందు

ఈ తరం స్విఫ్ట్‌లో కంపెనీ స్టీరియో మామూలు చదరపు డబ్బా కాదు, డ్యాష్‌బోర్డు ఆకారానికి తగ్గట్టు చేసింది. కాబట్టి 9 అంగుళాల స్క్రీన్‌తో పాటు ఈ మోడల్‌కే చేసిన ఫ్రేమ్ కావాలి, వైర్లు కోయకుండా కంపెనీ వైరింగ్‌కు తగిలించే ప్లగ్గు, అంటే కప్లర్, కావాలి. ఈ మూడూ ఒకేచోట తీసుకోవడం మేలు. ఫ్రేమ్ ఒకచోట, స్క్రీన్ ఇంకొకచోట కొంటే స్క్రూ రంధ్రాలు కలవవు.

ఒక షాపులో చూపించిన యూనిట్ డబ్బా మీద ఆండ్రాయిడ్ 13, 8 జీబీ ర్యామ్ అని ఉంది. సెట్టింగుల్లోనూ అదే కనిపించింది. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లిన ఒక హార్డ్‌వేర్ ఇన్ఫో యాప్ వేసి ఏపీఐ లెవెల్, అంటే ఆండ్రాయిడ్ అసలు వెర్షన్‌ను తెలిపే అంకె, చూశాను. 27 అని వచ్చింది. 27 అంటే ఆండ్రాయిడ్ 8.1. నిజంగా 13 అయితే 33 రావాలి. సెట్టింగుల పేజీలో రాసిన అంకెను ఎవరైనా మార్చగలరు, యాప్‌లు ఆధారపడే ఆ లెవెల్‌ను మార్చడం మాత్రం అంత తేలిక కాదు. స్క్రీన్ కొనేవాళ్లందరూ ఈ ఒక్క పరీక్ష చేసుకోవాలి. పాత ఆండ్రాయిడ్ మీద కొన్నాళ్లకు మ్యాపుల యాప్ అప్‌డేట్ ఆగిపోతుంది, అప్పుడు ఎంత పెద్ద స్క్రీన్ ఉన్నా దండగే.

చివరికి యూఐఎస్ 7862 చిప్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ ఉన్నది తీసుకున్నాను. ఏపీఐ లెవెల్ 29, అంటే ఆండ్రాయిడ్ 10. డబ్బా మీద కూడా 10 అనే ఉంది. ఫ్రేమ్, కప్లర్ కలిపి 16,000 లోపే అయింది. పెద్ద అంకెల కంటే నిజం చెప్పే అంకె నాకు నచ్చింది.

ఆదివారం పొద్దున: విప్పడం

ముందు బ్యాటరీ మైనస్ కేబుల్ తీసి పక్కన పెట్టి టీ తాగి వచ్చాను. ఎయిర్‌బ్యాగులున్న కారులో డ్యాష్‌బోర్డు మీద చెయ్యి వేసే ముందు కాసేపు ఆగడం తప్పనిసరి, ఆ సర్క్యూట్‌లో మిగిలిన చార్జి దిగిపోవాలి. స్టీరియో చుట్టూ ఉన్న ప్యానెల్ క్లిప్పుల మీద నిలబడి ఉంటుంది. ఇనుప స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ప్లాస్టిక్ మీద గాట్లు పడతాయి కాబట్టి ప్లాస్టిక్ పట్టీ వాడాను. మేనల్లుడు సాయానికి వచ్చాడు. ఒక్కో క్లిప్పు ఊడినప్పుడు వచ్చే "టక్" శబ్దానికి వాడు ప్రతిసారీ "మామా, విరిగిందా?" అనేవాడు. ఒక్కటీ విరగలేదు. తీసిన స్క్రూలన్నీ తీసిన వరసలో ఒక అట్టముక్కకు గుచ్చి పెట్టాం.

స్టీరియో బయటికి లాగాక వెనక చూస్తే సన్నటి తెల్లటి దుమ్ము. ఇసుక కాదు, గట్ల మీద ఎండిన ఉప్పుమట్టి. ఇన్నేళ్లు ఆ దారుల్లో తిరిగిన కారులో ఇది ఎక్కడెక్కడికి చేరుతుందో అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత ప్రతి జాయింటు విషయంలోనూ ఆ తెల్లదుమ్మును గుర్తుపెట్టుకునే పనిచేశాను.

అదే రోజు: వైర్లు

తోడుగా పిలిచిన ఆటో ఎలక్ట్రీషియన్ అన్నకు మంచి అనుభవం. ఆయన మొదటి మాట: "ఎందుకన్నా ఈ కప్లరు గొడవ? వైర్లు కోసి మెలేసి టేపు చుట్టేస్తే అరగంటలో అయిపోతాది."

"వైరు కొయ్యొద్దన్నా. రేపు కంపెనీ స్టీరియో మళ్లీ పెట్టాలన్నా పెట్టగలగాలి," అన్నాను.

ఆయన కాదనలేదు. మన ఎండకు ఇన్సులేషన్ టేపు జిగురు కరిగి ఊడిపోతుంది, దాని కింద మెలేసిన రాగి తీగలు ఆ ఉప్పుగాలికి పచ్చబడతాయి. కప్లర్ అయితే పిన్నులు గట్టిగా పట్టుకుంటాయి, కంపెనీ వైరింగ్ చెక్కుచెదరదు. కప్లర్‌లో లేని రెండు మూడు వైర్లకు మాత్రం సోల్డర్ చేసి, వేడి తగిలితే ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ గొట్టం తొడిగాం.

చేసుకోవాలనుకునేవాళ్లకు రంగులు చెబుతాను. పసుపు బ్యాటరీ నుంచి ఎప్పుడూ వచ్చే 12 వోల్టులు. ఎరుపు తాళం తిప్పితే వచ్చేది. నలుపు ఎర్త్. ఈ పసుపు, ఎరుపు తారుమారైతే కారు ఆపిన ప్రతిసారీ గడియారం, సెట్టింగులు పోతాయి. రెండూ కలిపి బ్యాటరీకి ఇచ్చేస్తే స్క్రీన్ నిద్రపోదు, బ్యాటరీ దిగిపోతుంది. స్పీకర్లకు ముందు ఎడమ తెలుపు, ముందు కుడి బూడిద, వెనక ఎడమ ఆకుపచ్చ, వెనక కుడి ఊదా. నల్ల గీత ఉన్నది మైనస్. రంగులు ఇలాగే ఉండాలని ఉన్నా, వైరు కలిపే ముందు మల్టీమీటర్‌తో చూసుకోవాలి. కప్లర్ తయారుచేసినవాళ్లు రంగు మార్చిన సందర్భాలు ఎలక్ట్రీషియన్ అన్న చాలా చూశాడట.

స్టీరింగ్ బటన్లు కీ1, కీ2 అనే వైర్ల మీద పనిచేస్తాయి. ఒక్కో బటన్‌కు ఒక్కో రెసిస్టెన్స్. స్క్రీన్‌లోని యాప్‌లోకి వెళ్లి, బటన్ నొక్కిపట్టి ఇది సౌండు పెంచేది, ఇది పాట మార్చేది అని నేర్పించాలి. అన్నీ నేర్చుకుంది.

హ్యాండ్‌బ్రేక్ వైరు దగ్గర ఒక చిన్న వాదన జరిగింది. కారు కదులుతుంటే వీడియో ఆడకుండా ఆపడానికి ఆ వైరు ఉంటుంది. చాలాచోట్ల దాన్ని నేరుగా ఎర్త్‌కు కలిపేస్తారు, అప్పుడు హ్యాండ్‌బ్రేక్ ఎప్పుడూ వేసినట్టే అనుకుని స్క్రీన్ వీడియో ఆడిస్తూనే ఉంటుంది. "అందరూ అట్నే ఏపిచ్చుకుంటారన్నా," అన్నాడాయన. నేను ఒప్పుకోలేదు. హ్యాండ్‌బ్రేక్ స్విచ్ దాకా వైరు లాగించాను. నడిపేవాడి ముందు సినిమా ఆడకూడదు, అంతే. హైవే మీద లారీల మధ్య అయినా, గట్టు మీద అయినా.

ఇంకా అదే రోజు: ఈల శబ్దం

స్క్రీన్ వెలిగింది, పాట వచ్చింది. ఇంజన్ స్టార్ట్ చేయగానే స్పీకర్లలో సన్నటి ఈల. యాక్సిలరేటర్ నొక్కేకొద్దీ ఈల స్థాయి పెరుగుతుంది. ఇది బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ నుంచి వచ్చే శబ్దం, కారణం సాధారణంగా ఎర్తే. కప్లర్ నుంచి వచ్చిన నల్ల వైరు సన్నం, దానికి తోడు కంపెనీ ఎర్త్ చాలా దూరం తిరిగి వెళుతుంది.

డ్యాష్‌బోర్డు వెనక అడ్డంగా ఉండే ఇనుప కడ్డీకి ఒక బోల్టు ఉంది. దాని చుట్టూ పెయింటు గరుకు కాగితంతో రుద్ది, ఇనుము మెరిసేదాకా తీశాం. రింగ్ టెర్మినల్ వేసిన మందం వైరు అక్కడ బిగించాం. ఈల పోయింది. బిగించిన తర్వాత ఆ బోల్టు మీద, రింగు మీద వాసెలీన్ దట్టంగా పూశాను. మెరిసే ఇనుము మన తీరంలో ఒక్క వానాకాలంలో ఎర్రబడుతుంది. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో ఇక్కడ పడే వానలు మిగతా రాష్ట్రానికి అర్థమయ్యేవి కావు. ఎర్త్ తుప్పు పడితే ఈల మళ్లీ వస్తుంది, ఆ తర్వాత స్క్రీన్ దానంతటదే రీస్టార్ట్ కావడం మొదలవుతుంది. వాసెలీన్ ఖర్చు ఎంతని?

బుధవారం రాత్రి: యాంటెనా

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. యూనిట్‌తో చిన్న నల్ల డబ్బా లాంటి జీపీఎస్ యాంటెనా ఇస్తారు, కింద అయస్కాంతం, లోపల పింగాణీ పలక. చాలామంది దాన్ని స్క్రీన్ వెనకే ఎక్కడో కుక్కేస్తారు. అక్కడ ఇనుము, వైర్లు, స్క్రీన్ సర్క్యూటు అన్నీ అడ్డమే. ఉపగ్రహాలున్నది 20,200 కిలోమీటర్ల ఎత్తున. అక్కడి నుంచి వచ్చేసరికి ఆ సిగ్నల్ చాలా బలహీనం. దానికి ఆకాశం కనిపించాలి. ప్లాస్టిక్, అద్దం అడ్డున్నా పర్వాలేదు, ఇనుము మాత్రం ఉండకూడదు. లోహపు పూత ఉన్న సన్ ఫిల్మ్ కూడా అడ్డమే.

డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ కింద, ముందు అద్దానికి దగ్గరగా, పలక పైకి చూసేలా రెండు వైపుల టేపుతో అతికించాను. ఉపగ్రహాలు చూపించే యాప్ తెరిచాను. ఒక్కో ఉపగ్రహానికి సిగ్నల్ ఎంతుందో గీతల్లో కనిపిస్తుంది. 40 దాటితే గట్టి సిగ్నల్, 20ల్లో ఉంటే కష్టం. మొదట్లో గీతలన్నీ 25 దగ్గరే ఆడుతున్నాయి. యాంటెనా ఉన్న చోటు మంచిదే, మరి ఎందుకు? డ్యాష్‌క్యామ్ చార్జర్ తీసేశాను. గీతలు ఒక్కసారిగా పైకి లేచాయి, కొన్ని 42 దాకా వెళ్లాయి. చవక చార్జర్లు, వాటి తీగలు జీపీఎస్ వాడే 1575 మెగాహెర్ట్‌జ్ దగ్గర కూడా రేడియో గోల చేస్తాయి. మంచి చార్జర్ మార్చి, డ్యాష్‌క్యామ్ తీగను యాంటెనాకు దూరంగా అవతలి పిల్లర్ వైపు నుంచి తిప్పాను. మ్యాపు మీద కారు పక్క గుంటలో తేలుతూ కనిపిస్తే చాలామంది యాప్‌ను తిడతారు. ముందు పక్కనున్న చార్జర్ పీకి చూడండి.

ఆ యాప్‌లో అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్ ఉపగ్రహాలు కనిపించాయి. దారి చూపే మన దేశపు సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ కనిపించలేదు, ఈ యూనిట్‌లోని చిప్ దాన్ని అందుకోదు. ఆ మాట రాయడానికి కష్టంగానే ఉంది. నావిక్ మొదటి ఉపగ్రహం ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏ 2013 జులై 1 రాత్రి పీఎస్ఎల్వీ-సీ22 మీద శ్రీహరికోట నుంచి వెళ్లింది. అప్పటికి శ్రీహరికోట మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. రాకెట్ లేస్తే మేడ ఎక్కి చూసే ఊరు మాది. తొలి తరం నావిక్ ఎల్5, ఎస్ అనే రేడియో బ్యాండ్ల మీద పనిచేసేది, మామూలు జీపీఎస్ చిప్‌లు వినేది ఎల్1. 2023 మే 29న వెళ్లిన ఎన్వీఎస్-01 అనే కొత్త తరం నావిక్ ఉపగ్రహం నుంచి ఎల్1 సిగ్నల్ కూడా చేర్చారు. కారు స్క్రీన్లలోకీ అది త్వరగా రావాలని మనసారా కోరుకుంటున్నాను. మన ఆకాశంలోంచి వెళ్లింది మన గట్టు దారి చూపిస్తే ఆ సంతోషమే వేరు.

తర్వాతి ఆదివారం: మ్యాపులు

నెల్లూరు చుట్టుపక్కల మొత్తం, ఉత్తరాన కావలి దాకా, దక్షిణాన కృష్ణపట్నం దాకా గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్‌గా దించుకున్నాను. ట్రాఫిక్ చూపించదు గానీ, నెట్ లేకపోయినా దారి చెబుతుంది. మైపాడు దాటాక కొన్ని గట్ల మీద ఫోన్‌కు ఒక్క గీత కూడా ఉండదు, అక్కడ ఇదే ఆధారం. గొంతు తెలుగులో పెట్టాను. "300 మీటర్లలో కుడివైపు తిరగండి" అని వినిపిస్తే స్క్రీన్ వైపు చూసే పనే తగ్గిపోయింది.

కానీ గట్ల దారులు గూగుల్‌లో సగం లేవు. అందుకు ఆర్గానిక్ మ్యాప్స్ పెట్టాను. ఇది ఎవరైనా దారులు గీసి చేర్చగల ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ మీద నడుస్తుంది, ప్రకటనలు లేవు, పూర్తిగా నెట్ లేకుండా పనిచేస్తుంది. ప్రతి గుంట దగ్గరా, పడమటి గట్టు మీద బండి ఆపుకునే చోట పిన్ను గుచ్చి పేరు పెట్టాను. రైతు పేరు, ఊరు, గుంట నంబరు, ఏ వంతెన మీంచి రావాలో ఒక మాట. ఆ చివరి మాటే అసలైనది. కాలువ అవతలి గుంటకు యాప్ ఒక్కోసారి ఇవతలి గట్టు చివర దాకా తీసుకొచ్చి "గమ్యం చేరుకున్నారు" అంటుంది, ఎందుకంటే తనకు తెలిసిన దారుల్లో పిన్నుకు దగ్గరగా ఉన్నది అదే. కాబట్టి ముందు వంతెన దగ్గర పిన్ను, ఆ తర్వాత గుంట పిన్ను పెట్టుకుని వెళ్లాలి.

మ్యాపులో లేని గట్లను ట్రాక్ రికార్డు చేసి, ఉపగ్రహ చిత్రంతో పోల్చి ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో గీస్తున్నాను. గట్టు రైతు సొంత భూమి. అందుకే ముందు అడుగుతాను, ఒప్పుకుంటేనే గీస్తాను, అది కూడా ప్రైవేటు దారి అని గుర్తు పెట్టి. వాన పడితే కారు పోని గట్లు చాలా ఉన్నాయి, ఆ మాట కూడా రాసి పెడుతున్నాను. ఇందుకూరుపేట వైపు ఒక పెద్దాయన ఇలా గీసి చూపిస్తుంటే స్క్రీన్ మీద తన గుంట ఆకారాన్ని వేలితో చుట్టూ తడిమాడు. "మా నాయన తవ్విచ్చినప్పుడు ఇది వరి చేనబ్బయా. ఇప్పుడు పైనించి ఇట్టా కనపడతా ఉండాది," అన్నాడు. చాలాసేపు ఆ స్క్రీన్ వదల్లేదు.

మిగతా పనులు, క్లుప్తంగా

వెనక కెమెరా పెట్టాం. కరెంటు రివర్స్ లైటు నుంచి, వైరు డిక్కీ తలుపు రబ్బరు గొట్టంలోంచి. రబ్బరు బయటినుంచి లాగితే వాన నీళ్లు ఆ దారినే లోపలికి వస్తాయి. బొమ్మ మొదట నల్లగా వచ్చింది, సెట్టింగుల్లో కెమెరా రకం ఏహెచ్‌డీ 720 అని మార్చగానే సరిపోయింది. సన్నటి గట్టు మీద రివర్స్ తీసుకునేటప్పుడు దీని విలువ తెలుస్తుంది.

రేడియోలో ఆకాశవాణి స్టేషన్లు కొన్ని దొరకలేదు. రేడియో ప్రాంతం అమెరికా అని ఉంది. ఆ సెట్టింగులో ట్యూనర్ చుక్క తర్వాత బేసి అంకె ఉన్న ఫ్రీక్వెన్సీల దగ్గరే ఆగుతుంది. ప్రాంతం మార్చాక అన్నీ వచ్చాయి.

స్పీకర్లు కంపెనీవే ఉంచాను. డబ్బా మీద రాసిన వాట్లు క్షణకాలపు గరిష్ఠం, ఎప్పుడూ ఇచ్చేవి కావు. నాకు ఇవి చాలు.

బ్యాటరీ లెక్క

శాంపిళ్ల సీజన్ లేనప్పుడు కారు రోజుల తరబడి కదలదు. అందుకని కారు ఆపి, తలుపులన్నీ మూసి, మైనస్ కేబుల్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య మల్టీమీటర్‌ను 10 ఆంప్స్ రేంజిలో పెట్టి చూశాను. అలా పెట్టినప్పుడు పొరపాటున కూడా తాళం తిప్పకూడదు, మీటర్ ఫ్యూజు పోతుంది. ఆపిన వెంటనే అంకె ఎక్కువ చూపిస్తుంది, స్క్రీన్ పూర్తిగా నిద్రపోయేదాకా ఆగాలి. అప్పుడు రేంజి తగ్గించి చూస్తే కారు మొత్తం కలిపి 31 మిల్లీ ఆంప్స్. పాత స్టీరియోతో 18 ఉండేది. 31 అంటే రోజుకు సుమారు 0.75 ఆంపియర్ గంటలు. మా 55 ఆంపియర్ గంటల బ్యాటరీకి వారం, పది రోజులు నిలబెట్టినా భయం లేదు. 50 మిల్లీ ఆంప్స్ దాటితే మాత్రం ఏదో వైరు తప్పు చోట ఉన్నట్టే.

స్క్రీన్ వెనక వేడి వదిలే రెక్కలున్నాయి. వైర్లన్నీ జిప్ టైలతో కట్టి ఆ రెక్కలకు దూరంగా పెట్టాం, రోహిణి కార్తెలో అసలు పరీక్ష ఉంటుంది కాబట్టి.

ఇప్పుడు

మైకు స్క్రీన్ ముందు చిన్న రంధ్రంలో ఉంది, రైతులకు నా మాట దూరం నుంచి వచ్చినట్టు వినిపిస్తోందట. బయటి మైకు ఆర్డర్ పెట్టాను, స్టీరింగ్ వెనక పైభాగంలో పెట్టాలి. పిన్నుల ఫైలును ల్యాబ్‌లో శాంపిళ్లకు వెళ్లే మిగతా ఇద్దరికీ ఇచ్చాను, వాళ్ల ఫోన్లలోనూ అదే యాప్‌లో తెరుచుకుంది. కొత్తగా చేరిన అబ్బాయి నిన్న విడవలూరు వైపు ఎవరినీ దారి అడక్కుండా వెళ్లి వచ్చాడు. అల్లూరు వైపు గట్లు ఇంకా గీయాలి. అక్కడ కాలువ మీద ఒక పాత వంతెన ఉంది, కార్లు పోవచ్చో లేదో చూసి వచ్చాకే మ్యాపులో పెడతాను.